గోబిగడ్డ జల్లెడ కాకుండా: పెరట్లో క్యాబేజీ, కాలీఫ్లవర్‌ను పురుగుల నుంచి కాపాడుకునే పద్ధతి

పెరట్లో గోబిగడ్డ పెట్టినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అనే ఉంటారు: "నిన్నటిదాకా మంచిగనే ఉండె, తెల్లారేసరికి జల్లెడైంది." అది ఒక్క రాత్రిలో జరిగిన పని కాదు. పది రోజుల నుంచి ఆకు అడుగున సాగుతున్నది ఆ రోజు పైకి కనబడింది, అంతే. మనం నీళ్లు పోసేటప్పుడు ఆకును పైనుంచి చూస్తాం, పురుగు కిందినుంచి తింటుంది. తేడా అక్కడే వస్తుంది.

నల్గొండ ఊరి చివర మా ఇంటి వెనక రెండు మడుల్లో, మిద్దె మీద పదిహేను గ్రో బ్యాగుల్లో కొన్నేళ్లుగా క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, ముల్లంగి వేస్తున్నాను. మొదటి రెండేళ్ల పంట మాకంటే పురుగులకే ఎక్కువ దక్కింది. ఆ తర్వాత ఏ పురుగుకు ఏ మందు అనే లెక్క నేర్చుకున్నాను. కానీ అసలు పనికొచ్చింది మందులు కాదు, వాటికంటే ముందు చేసే నాలుగైదు పనులు. వాటినే వరసగా రాస్తున్నాను. అన్నీ ఆవ జాతి పంటలే కాబట్టి ముల్లంగికి, ఆవకూరకు కూడా చాలావరకు ఇవే పనులు.

1. నాటే కాలం

మన చల్క నేలల్లో ఈ పంటలకు చలికాలమే సరైనది. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో నారు పోసి, బతుకమ్మ, దసరా రోజుల్లో నాటుకుంటే 60, 70 రోజుల రకాలు డిసెంబరులో కోతకొస్తాయి. సంక్రాంతికి తోట సగం ఖాళీ అవుతుంది. ఇది రుచి కోసం, గడ్డ గట్టిదనం కోసం మాత్రమే చెప్పడం లేదు. ఈ పంటకు అందరికంటే పెద్ద శత్రువైన రెక్కల పురుగుకు (వీపు మీద వజ్రాల మచ్చలుండే చిన్న పురుగు, దాని గుర్తులు కింద చెప్తాను) చలిలో గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టే దాకా దాదాపు మూడు వారాలు పడుతుంది. ఎండ ముదిరితే రెండు వారాలే చాలు. ఫిబ్రవరి, మార్చిలో గోబి పెట్టినవాళ్లు పురుగుతో పరుగు పందెం పెట్టుకున్నట్టే.

ఇంకో మాట. "ప్రతి పదిహేను రోజులకు నాలుగు మొక్కలు నాటుకోండి, ఏడాదంతా కూర" అని చాలామంది చెప్తారు. పాలకూరకు, మెంతికూరకు అది మంచి సలహానే. గోబికి మాత్రం నాకు నచ్చదు. పాత మొక్క మీది పురుగుకు పక్కనే లేత మొక్క దొరుకుతూనే ఉంటుంది. చిన్న తోటలో ఒకటి, మహా అయితే రెండు విడతల్లో నాటి ముగించండి.

2. నారు దగ్గరే కాపలా

ట్రేలో కోకోపీట్, వర్మీ కంపోస్ట్ కలిపి నారు పోసుకున్నా, మట్టి కుండీలో పోసుకున్నా, గింజ వేసిన రోజే పైన దోమతెర కప్పండి. నారు దశలో వచ్చే పురుగులు రెండు ఉన్నాయి. ఒకటి రంగుల నల్లి. నల్లటి ఒంటి మీద నారింజ, తెలుపు చుక్కలుంటాయి, చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. అది లేత ఆకు రసం పీలిస్తే ఆకు తెల్లబారి వాడిపోతుంది. దగ్గర్లో ఆవ మొక్కలు ముదిరి ఎండిపోతుంటే వాటి మీదినుంచి గుంపుగా దిగుతాయి. గుడ్లు మట్టిలో పెడతాయి కాబట్టి నారుమడి పొడిబారకుండా చూసుకోవాలి, కనబడినవాటిని సబ్బు నీళ్ల గ్లాసులోకి దులపాలి.

రెండోది మొవ్వు తొలిచే పురుగు. దీని సంగతి కింద వివరంగా చెప్తాను. ఇది నారులోనే దూరితే మీకు తెలియకుండానే దాన్ని మడిలోకి తెచ్చి నాటుకున్నట్టే. అందుకే బయట నర్సరీలో నారు కొంటే ఒక్కో మొక్క మొవ్వు చూసి తీసుకోండి. మధ్యలో సాలెగూడు దారం లాంటిది, సన్నటి రెట్ట కనబడితే ఆ మొక్క వద్దు. నారు నాలుగైదు ఆకులేసి, 25 నుంచి 30 రోజుల వయసుకొచ్చాక నాటండి. మొక్కకూ మొక్కకూ అడుగున్నర దూరం ఉండాలి. దగ్గరగా నాటితే ఆకులు ఒకదాని మీద ఒకటి పడి, అడుగున చూడటానికి చేయి పట్టదు. చేయి పట్టని చోటే పురుగు పెరుగుతుంది.

పెంట ఎరువు బాగా మాగినదే వేయాలి. యూరియా గుప్పిట గుప్పిట వేస్తే ఆకు ముదురు పచ్చగా, మెత్తగా వస్తుంది, చూసి సంబరపడతాం. ఆ మెత్తదనమే పేనుబంకకు విందు.

3. ఆవ వరస, ఆముదం మొక్క

బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు క్యాబేజీ రైతులకు చెప్పే పద్ధతి ఒకటుంది. క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు ఒక వరస ఆవాలు, నాటిన 25 రోజులకు ఇంకో వరస ఆవాలు చల్లాలి. ప్రతి 25 వరసల క్యాబేజీకి ఇలా జంట ఆవ వరసలు ఉండాలి. తల్లి రెక్కల పురుగుకు ఆవ వాసన అంటే ఎక్కువ ఇష్టం, గుడ్లు అక్కడ పెడుతుంది. రెండుసార్లు ఎందుకంటే మొదటి వరస ముదిరేసరికి రెండోది లేతగా అందాలి.

మన పెరడు 25 వరసలంత ఉండదు. నేను మడికి రెండు చివర్లా ఒక్కో జానెడు పట్టీలో పోపుల డబ్బాలోని ఆవాలే చల్లుతాను. మిద్దె మీద అయితే రెండు పాత పెరుగు బకెట్లు చాలు. అయితే ఆవ వేసి వదిలేస్తే అది ఎర కాదు, పురుగుల ప్రసూతి ఆసుపత్రి. ఆవాకు అడుగున పురుగులు కనబడగానే ఆ మొక్కను పీకి సబ్బు నీళ్ల బకెట్లో ముంచేయాలి, లేదంటే వేప కషాయం ముందు దాని మీదే కొట్టాలి. ఆ ఓపిక లేకపోతే ఆవ అసలు వేయకండి.

ఆముదం సంగతి మా అత్తమ్మ చెప్పింది. ఆమెది పాలమూరు వైపు ఊరు, చిన్నప్పటి నుంచి ఆముదం చేలల్లో తిరిగిన మనిషి. నేను ఒకసారి చేతిలో లద్దె పురుగులతో నిలబడి ఏడుపు మొహం పెట్టుకుంటే, "ఆముదం చెట్లు రెండు పెట్టు బిడ్డా, ఆ పురుగు ముందు దాని మీదికే పోతది. గుడ్ల ఆకు తెంపి పొయ్యిల వడెయ్, అంతే" అంది. శాస్త్రవేత్తలు చెప్పేదీ అదే. పొగాకు లద్దె పురుగుకు ఆముదం మంచి ఎర మొక్క. దాని వెడల్పాటి ఆకు మీద గుడ్ల ముద్ద దూరం నుంచే కనబడుతుంది కూడా. మడి మూలన ఒకటి, గేటు దగ్గర ఒకటి చాలు. గింజలు విషం కాబట్టి ఇంట్లో చిన్న పిల్లలుంటే కాయలు పడకముందే గెలలు తెంపేయండి.

బంతి గురించి చాలామంది అడుగుతారు. బంతి పువ్వుంటే గోబి పురుగు రాదన్న నమ్మకం నాకు లేదు, మా తోటలో ఆ తేడా నేను చూడలేదు. కానీ బతుకమ్మకు పనికొస్తుంది, పువ్వుల మీదికి వచ్చే ఈగలూ కందిరీగలూ మనకు మేలు చేస్తాయి. అదే పని పూతకొచ్చిన కొత్తిమీర ఇంకా బాగా చేస్తుంది. కోసుకోగా మిగిలిన కొత్తిమీరను పీకకుండా పూతకు వదిలేయండి.

4. తెర కప్పడం, నేను చేసిన తప్పు

పది, పదిహేను మొక్కలున్న ఇంటి తోటకు అన్నిటికంటే గట్టి రక్షణ తెర. క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్‌లో మనం తినేది కాయ కాదు. పరాగ సంపర్కం అవసరం లేదు, తేనెటీగలు లోపలికి రావాల్సిన పని లేదు. కాబట్టి నాటిన రోజు నుంచి కోత దాకా కప్పి ఉంచినా నష్టం లేదు. పాత దోమతెర సరిపోతుంది. రెక్కల పురుగు, లద్దె పురుగు తల్లులు ఆ రంధ్రాల్లో దూరలేవు. పేనుబంక మాత్రం దూరుతుంది.

సగం అంగుళం ప్లాస్టిక్ పైపును విల్లులా వంచి మడికి అడ్డంగా మూడు చోట్ల గుచ్చండి. దాని మీద తెర పరిచి అంచుల మీద మట్టి కప్పండి, లేదా ఇటుకలు పెట్టండి. మిద్దె మీద గాలి ఎక్కువ కాబట్టి అంచులకు ఇసుక నింపిన సీసాలు పెట్టుకోవచ్చు. తెర ఆకులను తాకకూడదు. తాకితే తల్లి పురుగు తెర బయట వాలి, రంధ్రంలోంచే ఆకు మీద గుడ్డు పెడుతుంది.

ఇక నా తప్పు. ఒక సంవత్సరం నాటిన మూడు వారాలకు, ఆకులకు బొక్కలు కనబడ్డాక తెర తెచ్చి కప్పి, హమ్మయ్య అనుకున్నాను. పది రోజులకు తెర ఎత్తి చూస్తే లోపల ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. గుడ్లూ పురుగులూ అప్పటికే లోపల ఉన్నాయి. నేను చేసిందల్లా పిట్టలు, కందిరీగలు రాకుండా వాటికి కాపలా కాయడం. తెర కప్పితే నాటిన రోజే కప్పండి. ఆలస్యమైతే ప్రతి ఆకూ తిప్పి చూసి, మూడు నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు ఏరేసిన తర్వాత కప్పండి.

మన వైపు తెరకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. లేత మొక్కలను పీకే నెమళ్లు, గడ్డను ఒక్క కొరుకు కొరికి పారేసే కోతులు. నెమలిని తెర ఆపుతుంది. కోతిని ఏ తెరా ఆపదు, దానికి ఇనుప జాలీ కావాలి. అది వేరే కథ.

5. మూడు రోజులకోసారి ఆకు తిప్పండి

ఈ పనికి పొద్దున పది నిమిషాలు చాలు. ఒక చేత్తో ఆకు వంచి అడుగు చూడండి, రెండో చేతిలో సబ్బు నీళ్ల గ్లాసు. ముందు అడుగు ఆకులు, తర్వాత మధ్యవి, ఆఖరికి మొవ్వు. కనబడింది ఏ పురుగో తేల్చుకున్నాకే మిగతా పని. పేరు తెలియకుండా మందు కొట్టడం రోగం తెలియకుండా గోలీ మింగడం లాంటిది.

రెక్కల పురుగు. డైమండ్ మచ్చల పురుగు అనీ అంటారు. తల్లి పురుగు అర అంగుళం కూడా ఉండదు, బూడిద రంగు. రెక్కలు ముడిచి కూర్చున్నప్పుడు వీపు మీద లేత రంగులో మూడు వజ్రాలు వరసగా కనబడతాయి. దాని పిల్ల పురుగు లేత ఆకుపచ్చగా, రెండు చివర్లా సన్నగా ఉంటుంది. గుర్తుపట్టడం సులువు: పుల్లతో తాకి చూడండి. గిలగిలా కొట్టుకుంటూ వెనక్కి నడుస్తుంది, ఆకు అంచు నుంచి సన్నటి దారం పట్టుకుని కిందికి జారి వేలాడుతుంది. కాసేపాగితే అదే దారం పట్టుకుని పైకి ఎక్కుతుంది. చిన్నప్పుడు ఆకు అడుగున పచ్చదనం గీకి తిని పై పొర వదిలేస్తుంది. ఎండకు పట్టి చూస్తే ఆ చోట్ల ఆకు పలుచని కాగితంలా కనబడుతుంది. ఈ కాగితం మచ్చలు కనబడ్డ రోజే పని మొదలుపెట్టాలి, బొక్కలు పడేదాకా ఆగకూడదు. ఆకు అడుగునే వల అల్లినట్టున్న చిన్న గూడులో ఇది ప్యూపాగా మారుతుంది, ఆ గూళ్లను గోటితో నలిపేయండి.

పొగాకు లద్దె పురుగు. పత్తి, మిరప, ఆముదం వేసే మన నల్గొండ, పాలమూరు వైపు దీనికి తిండికి కొదవ లేదు. తల్లి రెండు మూడు వందల గుడ్లు ఒకేచోట ముద్దగా పెట్టి, పైన గోధుమ రంగు నూగు కప్పుతుంది. ఆకుకు పాత దూది ముక్క అంటుకున్నట్టుంటుంది. నాలుగైదు రోజుల్లో పిల్లలు గుంపుగా బయటికొచ్చి, అదే ఆకును గీకి జాలీలా చేస్తాయి. మనకు దొరికే మంచి అవకాశం ఇదే. ఆ ఒక్క ఆకు తెంపితే వందల పురుగులు పోయినట్టే. వారం దాటితే చెల్లాచెదురవుతాయి, పెద్దవి పగలు మట్టిలో దాక్కుని రాత్రి తింటాయి. పగలెంత వెతికినా పురుగు లేకుండా, ఆకుల మీద నల్లటి గుళికల్లాంటి రెట్ట మాత్రమే ఉంటే రాత్రి తొమ్మిదికి సెల్‌ఫోన్ లైటు వేసుకుని వెళ్లండి. మొదటిసారి వెళ్లిన రాత్రి నేను ఎనిమిది మొక్కల మీద 31 పురుగులు ఏరాను. పొద్దున చూస్తే ఒక్కటీ కనబడని మొక్కలే అవి.

మొవ్వు తొలిచే పురుగు. నాటిన మొదటి నెలలోనే దీని బెడద. లేత రంగు ఒంటి మీద పొడుగునా గోధుమ రంగు చారలుంటాయి. మొవ్వు ఆకులను దారంతో దగ్గరికి లాగి లోపల తొలుస్తుంది. మొవ్వు పోతే గడ్డ కట్టదు, పక్కల నుంచి నాలుగైదు పిలకలు వస్తాయి. క్యాబేజీ అయితే బలమైన పిలక ఒక్కటి ఉంచి మిగతావి తీసేస్తే చిన్న గడ్డైనా దొరకొచ్చు. కాలీఫ్లవర్ మీద మాత్రం ఆశ వదులుకుని ఆ చోట కొత్త మొక్క పెట్టుకోవడమే. ముందే చూస్తే అగ్గిపుల్లతో దారాలు విప్పి పురుగును తీసేయొచ్చు. నాటిన మొదటి నెల రోజులు వేరే ఏం చూడకపోయినా మొవ్వు మాత్రం చూడండి.

ఆకులను గూడులా అల్లే పురుగు, వీపు గూనిలా పైకెత్తి జానలు కొలిచినట్టు నడిచే పచ్చ పురుగు కూడా అప్పుడప్పుడు వస్తాయి. వాటికి విడిగా చేసేదేమీ లేదు. ఏరేయడమే, లేదంటే కింద చెప్పే బీటీ పొడి కొట్టడమే. విదేశీ వీడియోల్లో గోబి అనగానే తెల్ల సీతాకోకచిలుక గురించి భయపెడతారు. మన దేశంలో దాని గోల ఎక్కువగా ఉత్తరాదిలో.

చంపకూడనివీ ఉన్నాయి. ఆకు మీద చచ్చిన పురుగు పక్కన బియ్యపు గింజ కంటే చిన్న తెల్లటి గూడు కనబడితే అది కందిరీగ జాతి పురుగుది. రెక్కల పురుగు లోపలే పెరిగి, దాన్ని చంపి బయటికొచ్చింది. పేనుబంక మధ్యలో ఉబ్బి, గట్టిపడి, లేత గోధుమ రంగుకు తిరిగిన పేన్లు కనబడితే అవి కూడా అలాంటి కందిరీగల పనే. అక్షింతల పురుగు, నల్లగా ముళ్లతో మొసలిలా ఉండే దాని పిల్ల రెండూ మన పక్షమే. ఆ పిల్లను చూసి భయపడి నలిపేసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ నలిపాను.

6. పేనుబంక వేరే లెక్క

మబ్బు పట్టిన చలి రోజుల్లో, డిసెంబరు నుంచి ఇది వస్తుంది. ఆకు అడుగున, మొవ్వులో బూడిద చల్లినట్టు కూర్చుంటుంది. ఇది నమలదు, పీలుస్తుంది. అందుకే పురుగులకు పనిచేసే బీటీ దీనికి పనిచేయదు. ఈ తేడా తెలియక డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మొదటి పని నీళ్లు. పైపు చివర బొటనవేలు అడ్డం పెట్టి, ఆకు అడుగుకు తగిలేలా గట్టిగా కొట్టండి. పొద్దునే కొట్టాలి, సాయంత్రానికి ఆకు ఆరిపోవాలి. కింద పడిన పేను మళ్లీ ఎక్కడం కష్టం. వరసగా మూడు రోజులు చేస్తే సగానికి పైగా పోతాయి. చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే ముందు వాటి దారి ఆపాలి. పేనుబంక వదిలే తీపి రసం కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగును తరిమేస్తాయి. గ్రో బ్యాగులను నీళ్ల పళ్లెంలో ఇటుకల మీద నిలబెడితే సరి. పొద్దున మంచు తడి ఉండగా జల్లించిన కట్టె బూడిద పలచగా చల్లడం మన పాత అలవాటు. కొద్దిగా ఉన్నప్పుడు పనికొస్తుంది, ముదిరితే కాదు.

నీళ్లతో పోకపోతే సబ్బు నీళ్లు. లీటరుకు 5 గ్రాముల మెత్తటి సబ్బు చాలు, గిన్నెల పౌడరు వద్దు. మా నల్గొండ వాళ్లకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. మన బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పన, సబ్బు నురగ రాదు. ఆ నీళ్లలో సబ్బు కలిపితే పెరుగు విరిగినట్టు తెట్టు కట్టి, స్ప్రేయర్ ముక్కు మూసుకుపోతుంది, పేనుకు ఏమీ కాదు. నురగ రావట్లేదని నేను ఒకసారి సబ్బు మూడింతలు వేసి కొట్టాను. పేను బతికింది, ఆకు అంచులు మాడిపోయాయి. అందుకే స్ప్రే పని ఏదైనా మిషన్ భగీరథ నల్లా నీళ్లతోనో వాన నీళ్లతోనో చేయండి. ముందు ఒక సీసాలో కొంచెం కలిపి ఊపి చూడండి, నురగ నిలిస్తేనే ఆ నీళ్లు వాడండి. ఒక ఆకు మీద కొట్టి ఒక రోజు ఆగి చూడటమూ మంచిదే.

7. వేప గింజల కషాయం, సరిగ్గా చేస్తే

చాలామంది వేపాకు ఉడికించి ఆ నీళ్లు చల్లి "వేప పనిచేయలేదు" అంటారు. పురుగు మీద పనిచేసే సరుకు గింజ లోపలి పప్పులో ఎక్కువ. జూన్, జులైలో వేప పండ్లు రాలతాయి. వాటిని ఏరి, గుజ్జు కడిగేసి, నీడలో ఆరబెట్టి, గోనెసంచిలో దాచుకోవాలి. ప్లాస్టిక్ కవరులో కట్టేస్తే బూజు పడుతుంది. ఏడాది దాటిన గింజలకు బలం తగ్గిపోతుంది.

పద్ధతి ఇదీ. పైపెంకు తీసిన పప్పు 50 గ్రాములు రోట్లో దంచాలి, నూనె తేలేలా మెత్తగా నూరకూడదు. పాత ధోతీ గుడ్డలో మూట కట్టి అర లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూటను అదే నీళ్లలో మళ్లీ మళ్లీ పిండాలి, పాలలాంటి తెల్లటి నీళ్లు వస్తాయి. వడకట్టి, మొత్తం లీటరు చేసి, 2 గ్రాముల సబ్బు కలపాలి. ఇదే 5 శాతం కషాయం. పదిహేను మొక్కలకు లీటరున్నర సరిపోతుంది.

సబ్బు ఎందుకంటే గోబి ఆకు మీద మైనం పూత ఉంటుంది. చామాకు మీద నీళ్లలా మందు బొట్లు బొట్లుగా జారిపోతుంది. సబ్బు కలిస్తేనే పొరలా అంటుకుంటుంది. ఎండ తగ్గాక, సాయంత్రం అయిదున్నర తర్వాత, ముక్కు పైకి తిప్పి ఆకు అడుగున కొట్టండి. కలిపిన రోజే వాడేయాలి, మిగిలింది రేపటికి దాచొద్దు.

పురుగు వెంటనే చావదు, అందుకే జనానికి నమ్మకం కుదరదు. తినడం తగ్గిస్తుంది, కుబుసం విడవలేక నాలుగైదు రోజుల్లో పోతుంది. చిన్న పురుగుల మీదే ఇలా, ముదిరిన లద్దె పురుగు మీద పెద్దగా పనిచేయదు. వారం, పది రోజులకోసారి కొట్టాలి. గింజలు దొరక్కపోతే వేప నూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, ముందు సబ్బుతో బాగా గిలకొట్టి తర్వాత నీళ్లు కలుపుకోండి. కోతకు వారం ముందు ఆపేయండి, లేకపోతే కూర చేదు.

8. బీటీ ఎప్పుడు

ఏరడం, వేప రెండూ చేసినా రెక్కల పురుగు తగ్గకపోతే అప్పుడు బీటీ పొడి. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియాతో చేసేది, ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది. గొంగళి జాతి పురుగు దాన్ని ఆకుతో పాటు తినాలి, అప్పుడే పని. తిన్న కొన్ని గంటలకే నోరు కట్టేస్తుంది, రెండు మూడు రోజుల్లో నల్లబడి చస్తుంది. ఎండ తగిలితే పాడవుతుంది కాబట్టి దీన్నీ సాయంత్రమే కొట్టాలి. లీటరుకు సాధారణంగా 1 గ్రాము, అయినా ప్యాకెట్ మీద రాసిన మోతాదే పాటించండి. మొవ్వు తొలిచే పురుగు లోపలికి దూరాక దీనికి అందదు.

అదే పనిగా వారం వారం కొట్టకండి. ఈ రెక్కల పురుగు మామూలుది కాదు. 1953లో జావాలో డీడీటీకే లొంగనని తేల్చిన తొలి పంట పురుగు ఇదే. పొలాల్లో బీటీ మందును తట్టుకున్న మొదటి పురుగు కూడా ఇదే, హవాయిలో 1990లో ఆ సంగతి బయటపడింది. ఒకే మందును నమ్ముకుంటే దానికి అలవాటు పడిపోతుంది. ఒకసారి వేప, ఒకసారి బీటీ మార్చి మార్చి వాడితే ఇంటి తోటకు సరిపోతుంది.

9. పత్తి మందు తోటలోకి తేవద్దు

మన ఊళ్లలో పత్తికి కొట్టగా మిగిలిన మందు సీసా గూట్లో ఉంటుంది. "ఒక్క మూత కలిపి కొట్టు, పురుగు పేరు వినపడదు" అని పక్కింటి అన్న ప్రేమగా చెప్తాడు. వద్దు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే కేంద్రం నిషేధించింది. పెరట్లో పొద్దున కొట్టి మధ్యాహ్నం కోసుకునేవాళ్లం మనం, గడ్డ పొరల్లో ఏం మిగిలిందో కంటికి కనబడదు. పైగా అక్షింతల పురుగులు, కందిరీగలు ముందు చస్తాయి, పేనుబంక రెండు వారాల్లో రెట్టింపై తిరిగొస్తుంది.

ఏ పురుగో అంతుపట్టకపోతే పురుగు ఉన్న ఆకును మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టి దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. మన వైపు కంపాసాగర్, గడ్డిపల్లి, పాలెం, మదనాపురంలో ఉన్నాయి.

10. కోసేటప్పుడు, కోసిన తర్వాత

కాలీఫ్లవర్ పువ్వు గుప్పెడంత కాగానే చుట్టూ ఆకులు పైకి లేపి దారంతో వదులుగా కట్టండి, పువ్వు తెల్లగా ఉంటుంది. కట్టేముందు లోపల పురుగు లేదని చూసుకోవాలి. కట్టాక కూడా మూడు రోజులకోసారి విప్పి చూడాలి, లేకపోతే లద్దె పురుగుకు గది కట్టించి ఇచ్చినట్టే. క్యాబేజీ పై ఆకుల్లో నాలుగు బొక్కలుంటే కంగారు పడకండి, గట్టిగా మూసుకున్న గడ్డ లోపల శుభ్రంగానే ఉంటుంది. గడ్డ గట్టిపడ్డాక మడిలో ఉంచితే పగులుతుంది, ఆ పగుల్లో పురుగు దూరుతుంది. గట్టిగా తగలగానే కోసేయండి.

వంటింట్లో పువ్వును చిన్న చిన్న రెబ్బలుగా విడదీసి, ఉప్పు, పసుపు వేసిన గోరువెచ్చటి నీళ్లలో పదిహేను నిమిషాలు తలకిందులుగా ఉంచండి. లోపల ఏమన్నా ఉంటే నీళ్ల మీదికి తేలుతుంది. తేలినా తేలకపోయినా మా ఇంట్లో రెండోసారి కడగనిదే అత్తమ్మ పొయ్యి మీద పెట్టనివ్వదు.

గడ్డ కోశాక మొదలు మడిలో వదిలేయకండి. దానికొచ్చే లేత పిలకల మీదే రెక్కల పురుగూ పేనుబంకా వేసవి దాకా బతుకుతాయి. వేరుతో సహా పీకి, శుభ్రంగా ఉన్నవి కంపోస్టులో లోతుగా కప్పండి, పురుగు పట్టినవి నల్లటి కవరులో కట్టి వారం రోజులు ఎండలో పెట్టండి. ఆవ వరసలు కూడా అప్పుడే పీకేయండి, గింజ రాలనివ్వకండి. మడిని పారతో తిరగేసి మార్చి, ఏప్రిల్ ఎండకు వదిలేస్తే మట్టిలో ఉన్న లద్దె పురుగు ప్యూపాలు పైకొస్తాయి. మిగతా పని గోరువంకలు చూసుకుంటాయి. వచ్చే ఏడాది ఆ మడిలో బెండనో చిక్కుడో వేసుకోండి, గోబిని పక్క మడికి మార్చండి. ఆముదం చెట్టును మాత్రం మా అత్తమ్మ పీకనివ్వలేదు, అది ఇంకా గేటు దగ్గరే ఉంది.